గండికోటలో గోదావరి చుట్టాలు

చెరువుకు గండి పడిందంటే మన పల్లెల్లో గుండెలు గుభేలుమంటాయి. కాని అదే గండి కొండకు పడితే దానిని చూడడానికి మూటా ముల్లే కట్టుకుని బయలుదేరుతాము. నది కొండను కోసుకుని వచ్చే ఇరుకు దారికి గండి అని పేరు పెట్టడం తెలుగువారికి పాత అలవాటు. గోదావరి మీద పాపికొండలకు పోయే దారిలో గండి పోచమ్మ ఉన్నది. కడప జిల్లాలో పాపఘ్ని నది కొండల నడుమ నుంచి వెలికివచ్చే చోట గండి ఆంజనేయస్వామి ఉన్నాడు. అదే జిల్లాలో పెన్న ఎర్రమల కొండలను నిలువునా చీల్చిన చోట, ఆ గండి అంచున ఒక కోట ఉన్నది. అదే గండికోట.

అమెరికాలో కొలరాడో నది తొలిచిన మహాలోయతో ఈ గండిని పోల్చడం ఈమధ్య ఆనవాయితీ అయింది. ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్ని చోట్ల 1,800 మీటర్లకు పైమాటే. దాని పక్కన మన గండి ఉయ్యాలలోని పసిపాప. అయినా ఎర్రని రాతిగోడలు, అడుగున పచ్చని నీరు, పైన నీడలేని ఆకాశం చూసినప్పుడు ఆ పోలిక ఎవరికి తట్టిందో గాని, ఊరికే తట్టలేదనిపిస్తుంది. పైగా కొలరాడో ఒడ్డున మాధవరాయల గుడి లేదు, కుతుబ్‌షాహీల నాటి మసీదూ లేదు.

గండికోట జమ్మలమడుగుకు పడమరగా సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఉద్యోగరీత్యా నేను జమ్మలమడుగులో కాపురం పెట్టి నాలుగేళ్ళయింది. ఇన్నాళ్ళూ మావైపు చుట్టాలెవరూ ఇటు తొంగిచూడలేదు. "ఆ రాళ్ళల్లోకి మేమెక్కడ వస్తామర్రా!" అని ఉత్తరకోస్తా దాకా మా బంధువర్గమంతా ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. అటువంటిది మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి, అన్నవరం నుంచి మా అక్కయ్య, బావగారు, వారి పిల్లలిద్దరు, బావగారి తల్లి అయిన మా అత్తయ్య, తిరుపతి దర్శనం చేసుకుని, కడపలో రైలు దిగి, తిన్నగా మా ఇంటికి వచ్చారు.

వచ్చిన పని

పైకి చెప్పిన కారణం మమ్మల్ని చూడడం. అసలు కారణం వేరు. మా మేనకోడలికి ప్రొద్దుటూరు సంబంధం ఒకటి వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, కడపలో ఉద్యోగం, కుటుంబం మర్యాదస్థులు. జాతకాలు కూడా కుదిరాయి. కుదరనిదల్లా బావగారి మనసు. ఆయనకు సామర్లకోట దగ్గర గోదావరి కాలువ కింద ఆరెకరాల మాగాణి ఉన్నది. కాలువలో నీరు కనపడకపోతే ఆయనకు అన్నం సహించదు. "పిల్లనిచ్చే ముందు ఊరి బావిలో నీళ్ళు చూడమన్నారు పెద్దలు. సీమలో చూడ్డానికి బావి అయినా ఉండాలిగా!" అని ఫోనులోనే ఒకసారి తేల్చేశాడు.

వచ్చిన నాటి రాత్రి భోజనాల దగ్గర అక్కయ్య అన్నవరం ప్రసాదం పొట్లాలు విప్పింది. విస్తరాకులో కట్టిన ఆ గోధుమరవ్వ ప్రసాదం, నేతివాసన, ఇల్లంతా రత్నగిరి చేసేశాయి. సత్యనారాయణస్వామి 1891లో ఆ కొండమీద వెలసిననాటి కథ అత్తయ్య మా పిల్లలకు చెప్పింది. కొండ కింద పంపానది ఎలా నిండుగా ఉన్నదో బావగారు చెప్పాడు. చెప్పి, "మీ పెన్న సంగతేమిటి? దారిలో వంతెన మీంచి చూశాను. ఇసక తప్ప మరేమీ కనపడలేదు," అన్నాడు.

"రేపు చూపిస్తాను బావగారూ," అన్నాను.

కొండంచున తెల్లవారుజాము

తెల్లవారుజామున అయిదున్నరకే కారు వచ్చింది. డ్రైవరు పాతికేళ్ళ కుర్రవాడు. మా ఆవిడ పులిహోర, దద్దోజనం గిన్నెలు డిక్కీలో పెడుతుంటే, "చిత్రాన్నం ఎత్తుకున్నారా అమ్మా? ఆడ హోటళ్ళు పెద్దగా ఉండవు," అన్నాడు. చిత్రాన్నమంటే ఏమిటని మేనకోడలు అడిగింది. పులిహోరకు ఇక్కడి పేరని చెప్పాము. "బొబ్బట్లను ఓళిగలంటారు. మామ్మను అవ్వ అంటారు," అని మా పిల్లలు పాఠం మొదలుపెట్టారు. డ్రైవరు చేయి అందించి, "రా అవ్వా, ముందర కూర్చో," అనేసరికి అత్తయ్య ఒక క్షణం తెల్లబోయి, తరవాత నవ్వుతూ ఎక్కి కూర్చున్నది.

చలికాలమైనా ఇక్కడి నేల పొడిగానే ఉంటుంది. దారికి రెండుపక్కలా శనగచేలు, నల్లరేగడి, అక్కడక్కడ తుమ్మచెట్లు. ఊరు దాటిన కొద్దిసేపటికి రోడ్డు మెల్లగా గుట్ట ఎక్కింది. చూస్తుండగానే నేల రంగు మారింది. నలుపు పోయి ఎరుపు వచ్చింది. మట్టి పోయి రాయి వచ్చింది.

కోట ద్వారం పెద్దది. లోపలికి మెలికలు తిరిగిన దారి. శత్రువు ఏనుగులు ఒక్క ఊపున వచ్చి తలుపును ఢీకొట్టకుండా అలా కట్టారు. ద్వారం దాటగానే చిన్న పల్లె. కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. మేకలు, కోళ్ళు, పొయ్యిపొగ చూసి అక్కయ్య ఆశ్చర్యపడ్డది. ఆ పల్లె పక్కన చిన్న చార్మినారులాంటి బురుజు, కాస్త దూరాన జంటమీనార్ల మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం. వాటిని దాటి ఉత్తరంగా నడిచాము. దారి పోయింది. బండరాళ్ళు మిగిలాయి. ఒక బండ మీదినుంచి మరొక బండ మీదికి కాలు మోపుతూ పోతుండగా, ఉన్నట్టుండి ముందర నేల లేదు.

మా మేనల్లుడు "అమ్మోయ్!" అని కేక వేశాడు. అక్కయ్య వాడి చొక్కా గట్టిగా పట్టుకున్నది. అక్కడినుంచి తిరిగి వచ్చేదాకా ఆ చొక్కాను ఆమె వదలలేదు. అది మంచిపని కూడాను. గండి అంచున అన్నిచోట్లా కటకటాలు లేవు, రాళ్ళు నున్నగా ఉంటాయి.

అప్పుడే తూర్పున సూర్యుడు పొడుచుకు వస్తున్నాడు. ముందు అవతలి గోడ పైఅంచు ఎర్రబడ్డది. ఆ ఎరుపు మెల్లగా రాయి వెంట కిందికి దిగింది. కిందికి, ఇంకా కిందికి, చివరకు అడుగున పచ్చగా కదలకుండా ఉన్న నీటిని తాకింది. ఎవరూ మాట్లాడలేదు. అడుగున ఒక కొంగ ఎగిరితే పైనుంచి తెల్లని బియ్యపుగింజలా కనిపించింది.

బావగారే ముందుగా నోరు విప్పాడు. "ఇదీ పెన్నేనా?"

రాయి చెప్పే కథ

పెన్నేనండి. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం నేల మీదుగా 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్నే. సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇసకదిబ్బగా పడి ఉండే ఆ నదే ఈ కొండను కోసింది. అయితే మన కళ్ళ ముందు కొయ్యలేదు. మనిషి పుట్టకముందునుంచీ ప్రతి వరదకూ ఇంత చొప్పున గీసుకుంటూ, గీసుకుంటూ వచ్చింది. నీరు ఒక్కటే రాతిని కొయ్యదు. వరదనీటితో కొట్టుకువచ్చే ఇసక, గులకరాళ్ళు ఆకురాయిలాగా పనిచేస్తాయి. ఏడాదంతా నెమ్మదిగా పారే నదికంటే, ఉన్నట్టుండి ఉరికివచ్చే వరదనదికి ఆ పని బాగా చేతనవును.

మేనకోడలికి రాళ్ళమీద ఆసక్తి. గోడలు ఎవరో ఇటుకలు పేర్చినట్టుగా ఎందుకున్నాయని అడిగింది. ఈ రాయి ఒకనాడు లోతు తక్కువైన సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసక. పైబరువుకు బిగిసి, గట్టిపడి, క్వార్ట్‌జైటు అనే రాయి అయింది. పొరలు చాలావరకు అడ్డంగానే నిలిచిపోయాయి. నిలువుగా పగుళ్ళు వచ్చాయి. అడ్డపు పొర, నిలువు పగులు కలిసి రాతిని దిమ్మలుగా కోశాయి. నది అడుగును తొలిచినప్పుడల్లా దిమ్మలు ఊడి పడతాయి గనుక గోడ వాలుగా కాక నిట్టనిలువుగా నిలుస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి గండికోట పేరే పెట్టారు. ఈ ప్రాంతపు శిలాసముదాయానికంతటికీ ప్రపంచమంతటా కడప పేరే వాడుక. వీటి వయస్సు నూరుకోట్ల ఏళ్ళకు పైబడినది. అప్పటికి భూమిమీద చెట్టు లేదు, చేమ లేదు, పక్షి లేదు.

"అయితే సత్యయుగం కంటే ముందన్నమాట," అన్నది అత్తయ్య.

"మామ్మా, మన వంటింటి గట్టు మీద ఉన్న నల్లబండ కూడా ఇక్కడిదే," అన్నది మేనకోడలు. నిజమే. కడప బండ తెలియని తెలుగు ఇల్లు ఎక్కడున్నది? అది ఈ ఎర్రరాయి కాదు. ఎర్రగుంట్ల వైపు నేలలో పలకలుగా దొరికే సున్నపురాయి. అయినా ఈ సీమ బిడ్డే. అత్తయ్య ముప్ఫయ్యేళ్ళుగా ఆ బండమీద పచ్చళ్ళు నూరుతున్నది, కూరలు తరుగుతున్నది. "మరి ఈ ఊరివాళ్ళు మనింటికి ఎప్పుడో వచ్చి కూర్చున్నారన్నమాట. మనమే రావడం ఆలస్యం," అన్నది. బావగారు వినిపించుకోనట్టు అవతలికి తిరిగి నీటి లోతును అంచనా వేస్తున్నాడు.

ఆ నీటి సంగతి కూడా చెప్పాలి. దిగువన జమ్మలమడుగు దగ్గర మైలవరం ఆనకట్ట ఉన్నది. దాని వెనుక నిలిచిన నీరే గండిలోకి ఎగదన్ని వస్తుంది. అందుకే నదిలో ప్రవాహం లేని రోజుల్లో కూడా గండి అడుగున తరచు నీరు కనపడుతుంది.

కోటలో పగలు

ఎండెక్కేలోగా కోట తిరిగాము. ఒకవైపు గండే కందకం, మిగతా వైపుల రాతిగోడ. ఇటువంటి చోటు దొరికితే ఏ రాజు వదులుతాడు? విజయనగర ప్రభువుల కాలంలో పెమ్మసాని నాయకులు ఈ కోటను ఏలారు. మాధవరాయస్వామి గుడి గోపురం, మంటపంలోని స్తంభాల చెక్కడం చూస్తే ఆనాటి వైభవం తెలుస్తుంది. గండికి దగ్గరగా రంగనాథస్వామి గుడి. రెండింటిలోనూ గర్భగుడి ఖాళీగా ఉన్నది. అత్తయ్య ఖాళీ గర్భగుడి ముందు కూడా చెంపలు వేసుకుని, తెచ్చిన ప్రసాదంలో చిటికెడు గడపమీద పెట్టింది.

1650 ప్రాంతంలో గోలకొండ సుల్తాను కొలువులోని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. ఆయన పర్షియా నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో కోట్లు గడించి, మంత్రి అయినవాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు ముత్యాలు, రత్నాలు పట్టుకుని ఆయనను వెతుక్కుంటూ గండికోటకే వచ్చాడు. ఫిరంగులు పోతపోయడానికి మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్ళలోని లోహవిగ్రహాలను తెప్పించాడనీ, ఒక ఫ్రెంచి పోతపనివాణ్ణి పెట్టాడనీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ ఆ వర్తకుడు తన యాత్రాగ్రంథంలో రాశాడు. ఈ ముక్క చెప్పగానే అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "కరుగుతాడేమిటి స్వామి!" అని మళ్ళీ గుడివైపు తిరిగి దణ్ణం పెట్టింది.

మధ్యాహ్నం ధాన్యాగారం నీడలో భోజనాలు చేశాము. అంత పెద్ద గాదెను ఈ కొండమీద ఎందుకు కట్టారని మేనల్లుడు అడిగాడు. కోట ముట్టడిలో ఉంటే తిండి ఉండాలి గదా అన్నాను. ముట్టడి ఒక్కటే కాదు. ఈ సీమకు శత్రువు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. కరవు మాటిమాటికీ వచ్చేది. నైరుతి పవనాల మబ్బులను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పున బంగాళాఖాతం మీదినుంచి వచ్చే తడి దారిలోని కొండలు దాటేసరికి చాలావరకు ఖర్చయిపోతుంది. కడప జిల్లాలో ఏటా సగటున పడేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన. గోదావరి జిల్లాలలో పడేదానిలో ఇంచుమించు మూడింట రెండువంతులు. పక్కనున్న అనంతపురంలో అంత కూడా లేదు. ఎడారి అనడానికి వీల్లేదు గాని, ఈ సీమ ఎడారికి దగ్గరచుట్టమే.

"అదే నేనూ చెప్పేది," అన్నాడు బావగారు, మేనకోడలి వైపు చూడకుండా. "చూడ్డానికి బాగుంది, కాదనను. కాపురం చెయ్యడానికి కావలసింది చూడముచ్చట కాదు. నీళ్ళు."

అప్పటిదాకా పెరుగన్నం కలుపుకుంటున్న అత్తయ్య తల ఎత్తింది. "నీ నీళ్ళు మీ తాత తవ్వాడా ఏమిటిరా?"

ఆమాటకు అందరమూ నవ్వాము గాని, అందులో సత్యం లేకపోలేదు. 1833 ప్రాంతపు కరవు గోదావరి జిల్లాను కూడా వదలలేదు. నది నిండా నీరు పారుతూనే ఉన్నది, చేలకు ఎక్కలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వచ్చిన తరవాతే ఆ నేల అన్నపూర్ణ అయింది. అందుకే కాటన్ దొర బొమ్మకు అక్కడి రైతులు నేటికీ దండలు వేస్తారు. అదే కంపెనీ ప్రభుత్వానికి కడప, బళ్ళారి సీమలను నైజాం 1800లో దత్తం చేశాడు. అందుకే వీటికి దత్తమండలాలని పేరు. రాయలసీమ అన్న గౌరవమైన పేరు 1928 నంద్యాల సభలో గాని రాలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ భవనంలో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీటి వాడకంలో సీమ అవసరాలకు ముందుచోటు ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఆ కాగితానికి, ఈ కొండ కింద నీటికి మధ్య చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

బావగారు మాట్లాడలేదు. మజ్జిగ మాత్రం రెండోసారి పోయించుకున్నాడు.

కట్ట మీద

నాలుగు గంటలకు గండికోట జలాశయం కట్ట దగ్గరికి వెళ్ళాము. కోటకు ఎగువన పెన్నకు అడ్డంగా కట్టినది ఇది. దీని సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. నిలవచేసేది పెన్న నీరు ఒక్కటే కాదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణనీటిని పోతిరెడ్డిపాడు మీదుగా, గోరకల్లు, అవుకు జలాశయాలు దాటించి, కాలువల్లోనూ సొరంగంలోనూ నడిపించి ఇక్కడికి తెస్తారు. గాలేరు-నగరి పథకం అంటే అదే.

కట్ట ఎక్కి చూసేసరికి బావగారు నిలబడిపోయాడు. కనుచూపు మేర నీరు. సాయంకాలపు గాలికి చిన్నచిన్న అలలు వచ్చి రాళ్ళను తడుతున్నాయి. "అయ్ బాబోయ్!" అన్నాడు. పొద్దుటినుంచి ఆయన నోటివెంట మెచ్చుకోలుగా వచ్చిన మొదటి మాట అదే. "ఇంత నీళ్ళు పెట్టుకుని నీళ్ళు లేవంటారేమిటయ్యా? ఇదంతా మీ చేలకేనా?"

ప్రశ్న డ్రైవరు కుర్రవాడికి. అతడు కొంచెంసేపు ఊరుకుని, "పులివెందుల దిక్కు ఎత్తిపోస్తారు సార్. ఆపక్క చీనీతోటలు నిలబడినాయి. మాకు చేన్లు లేవు ఇప్పుడు," అన్నాడు.

"ఏమి, అమ్ముకున్నారా?"

"లేదు సార్. అగో, ఆపక్క, ఈడ్నుంచి కనపడదు... మాది తాళ్ళప్రొద్దుటూరు. నీళ్ళకింద ఉండాది."

ఎవరికీ ఏమనాలో తెలియలేదు. ఈ జలాశయం కింద కొండాపురం, ముద్దనూరు మండలాల పల్లెలు ఎన్నో మునిగాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఊరు పెద్దది, గుళ్ళు, బడులు, బజారు అన్నీ ఉన్న ఊరు. పరిహారం కోసం, గడువు కోసం జనం రోడ్డుమీద కూర్చున్నారు. ఆ తరవాత సామాన్లు ట్రాక్టర్లకెక్కించుకుని వెళ్ళారు.

డ్రైవరు దుఃఖం వెళ్ళబోసుకునే మనిషి కాదు. అడిగినదానికి మాత్రం చెప్పాడు. పరిహారం అందిందన్నాడు. కాలనీలో ఇల్లు కట్టుకుంటున్నారన్నాడు. దానితోపాటు అప్పు చేసి ఈ కారు కొన్నానన్నాడు. "మా నాయనే ఈ కట్టమీదికి రాడు. నన్ను మాత్రం పొమ్మంటాడు. బాడుగ వచ్చే చోటు గదా అంటాడు."

అత్తయ్య అతని దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మాకూ ఉన్నాయి నాయనా, అలాంటి ఊళ్ళు," అన్నది. "పోలవరం కడుతున్నారు గదా. దేవీపట్నంలో మా చెల్లెలి అత్తవారిల్లు. వరదలొస్తే గండి పోచమ్మతల్లి గుడే మునుగుతోంది. ఆవిడ ఇప్పుడు కొడుకు దగ్గర రాజమండ్రిలో ఉంటోంది. మూడో అంతస్తు. కిటికీలోంచి గోదారి కనపడుతుందిట. చూడనంటుంది."

డ్రైవరు తల ఊపాడు. అతడు "మా నాయనా అంతే అవ్వా," అన్నాడు.

బావగారు కట్టమీద చివరిదాకా ఒక్కడూ నడిచి వెళ్ళాడు. తిరిగి వచ్చాక జేబులోంచి ఒక నాణెం తీసి, గోదావరి వంతెనమీద రైలు పోయేటప్పుడు మనం వేస్తామే, అలాగే నీటిలోకి విసిరాడు. దణ్ణం మాత్రం ఎవరికి పెట్టాడో తెలియలేదు. నీటివైపే తిరిగి పెట్టాడు.

దారిలో కారులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఊరి దీపాలు కనపడుతున్నప్పుడు మేనకోడలు, "నాన్నా, నువ్వు నీళ్ళే చూస్తున్నావు. నేనొకటి చెప్పనా? నాకీ ఊరు నచ్చింది. అబ్బాయి సంగతి అబ్బాయితో మాట్లాడి చెప్తాను," అన్నది. అక్కయ్య ఉలిక్కిపడ్డది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపటికి, "ఇక్కణ్ణుంచి ప్రొద్దుటూరు ఎంత దూరం?" అని డ్రైవరును అడిగాడు.

వెళ్ళేవారికి

గండికోటకు వెళ్ళదలచినవారు జమ్మలమడుగు దాకా రైలులోనో బస్సులోనో వచ్చి, అక్కడినుంచి కారో ఆటోయో మాట్లాడుకోవచ్చు. ప్రధాన రైలుమార్గం మీద దిగేవారికి ముద్దనూరు, ఎర్రగుంట్ల దగ్గర. కోట బయట పర్యాటక శాఖవారి బస ఉన్నది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలమైన కాలం. వేసవిలో ఆ బండలమీద పగలు నిలబడడం కష్టం. తాగే నీరు, తిండి వెంట ఉంచుకోవడం మేలు. సూర్యోదయం చూడాలంటే చీకటితోనే బయలుదేరాలి. చెప్పులకు బదులు పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి. ఫోటోల మోజులో అంచుకు పోకూడదు. పసివాళ్ళను చొక్కా పట్టుకునే నడిపించాలి, మా అక్కయ్యలాగ.

తీరిక ఉంటే ఆ సాయంకాలం జలాశయం కట్ట దగ్గరికి కూడా వెళ్ళండి. మీ డ్రైవరు ఏ ఊరివాడో అడగండి.

ఇంతకూ సంబంధం ఏమయిందని పాఠకులు అడగవచ్చు. మరునాడు బావగారు ఇస్త్రీ పంచె కట్టుకుని ప్రొద్దుటూరు వెళ్ళి, పిల్లవాడి ఇంటి కాఫీ తాగి వచ్చాడు. ఆ ఇంట్లో కుళాయి తిప్పి చూశాడో లేదో నాకు చెప్పలేదు. మేనకోడలు, ఆ అబ్బాయి ఫోనులో మాట్లాడుకుంటున్నారట. మాటలింకా నడుస్తున్నాయి. బావగారు మాత్రం పోయిన వారం ఫోను చేసి, పెన్నకు వరద వచ్చేది ఏ నెలలోనని అడిగాడు. ఆనాడు గండిలో కొత్తనీరు దూకడం చూడాలట.